రోకలి ముక్కతో గేరు నాబు

మా నాన్న 2004లో కొన్న మారుతి 800ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. రిజిస్ట్రేషను రెండుసార్లు పొడిగించుకున్నాను, ఇంజను ఒకసారి విప్పించాను, సీట్ల గుడ్డ మార్పించాను. గేరు నాబు మాత్రం ఇరవై ఏళ్లపాటు అదే. దాని నల్ల ప్లాస్టిక్కు మెత్తబడి, ఏప్రిల్ వచ్చిందంటే అరచేతికి అంటుకునేది. పైనున్న గేర్ల అంకెలు నాన్న నడిపిన రోజుల్లోనే చెరిగిపోయాయి. బజారులో మెరిసే లోహపు నాబు ఒకటి కొని బిగించాను. విజయవాడలో మే నెల మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో నిలిపిన బండి ఎక్కి దాని మీద చెయ్యి వేస్తే వెంటనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పైగా అది నా చేతికి పెద్దది. మూడో గేరు వేయాలంటే వేలి కొసలతో నెట్టవలసిందే తప్ప, అరచెయ్యి దాని మీద కుదురుగా ఆనేది కాదు.

స్టీరింగు తరువాత మన చెయ్యి ఎక్కువసేపు ఉండేది గేరు నాబు మీదనే. అది మన చేతి కొలతకు, మన ఎండకు తగినట్టు ఉండాలి. ఈ రెండింటికీ చెక్కను మించినది లేదు. లోహం, చెక్క ఒకే బండిలో ఉండి ఒకే వేడికి చేరినా, లోహం ఆ వేడిని గబుక్కున చేతిలోకి దింపుతుంది, చెక్క నిదానంగా వదులుతుంది. అట్లపెనానికి కొయ్య పిడి వేసేది అందుకే.

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెబుతాను. పనిముట్లు కొత్త కాదు. అయినా చెక్కతో చేసిన మొదటి నాబు పగిలింది, రెండోది జిగటగా మారింది. మూడోది రెండు వేసవులు దాటి ఇప్పటికీ బండిలో ఉంది. ఇక్కడ చెబుతున్నది ఆ మూడోదాన్ని చేసిన పద్ధతి.

పాత నాబు ఏం చెబుతుంది

కొయ్య కోసం వెతికే ముందు బండి దగ్గరకు వెళ్లండి. మర నాబు అయితే ఎడమవైపు తిప్పితే ఊడి వస్తుంది. కొన్ని బండ్లలో నాబు కింద పలుచని నట్టు ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని ముందు వదులు చేయాలి. ఇంకొన్నిటిలో మర ఉండదు, నాబును గట్టిగా పైకి లాగితేనే వస్తుంది. అటువంటి వాటికి నేను చెప్పే పద్ధతి పనికిరాదు. రివర్సు వేయడానికి నాబు కింద పైకెత్తే కాలరు (ఉంగరంలాంటి భాగం) ఉన్న బండికి, బొత్తాము నొక్కే ఆటోమేటిక్ బండికి కూడా ఈ పని తలపెట్టవద్దు. ఆ కాలరు, ఆ బొత్తాము భద్రత కోసం పెట్టినవి.

ఇక మర కొలత. నాబు ఊడదీశాక రాడ్డు కొసన మర కనిపిస్తుంది. సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో దాని బయటి వ్యాసం కొలవండి. నాకు ఎనిమిదికి వెంట్రుకవాసి తక్కువగా వచ్చింది, అంటే ఎనిమిది మిల్లీమీటర్ల మర. పది మిల్లీమీటర్ల పొడవులో ఎనిమిది చుట్లు లెక్కకు వచ్చాయి, అంటే చుట్టుకు చుట్టుకు మధ్య 1.25 మిల్లీమీటర్లు. ఇది ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరికే మామూలు ఎం8 మర. మీ బండికి పదో పన్నెండో రావచ్చు, చుట్ల దూరమూ వేరుగా ఉండవచ్చు. వెర్నియర్ లేకపోతే ఎం8, ఎం10, ఎం12 నట్లు ఒక్కొక్కటి కొని వేళ్లతో ఎక్కించి చూడండి. సరైన నట్టు స్పానరు అవసరం లేకుండా చివరిదాకా సాఫీగా ఎక్కుతుంది. రెండు చుట్లు ఎక్కి పట్టేసిందంటే అది మీ మర కాదు, బలవంతం చేయకండి. రాడ్డు మీది మర పాడైతే నాబు సంగతి అటుంచి బండే నడవదు.

మరో రెండు కొలతలు రాసుకోండి. రాడ్డు మీద మర ఎంత పొడవు ఉంది, పాత నాబు ఎంత బరువు ఉంది. వంటింటి కాటా చాలు. నాబు మరీ బరువుగా ఉంటే బండి అదిరినప్పుడల్లా ఆ బరువంతా రాడ్డును ఊపుతుంది. నా కొత్త నాబు నట్టు, ఇత్తడి కలుపుకుని ఎనభై గ్రాముల లోపే ఉంది.

పిండి ముద్దతో చేతి అచ్చు

నాబు ఆకారాన్ని కాగితం మీద గీయకండి. గోధుమపిండిలో గుప్పెడు ఉప్పు వేసి గట్టిగా కలిపి, పెద్ద నిమ్మకాయంత ముద్ద చేసి, రాడ్డు కొసకు ప్లాస్టిక్కు కాగితం చుట్టి దాని మీద గుచ్చండి. సీటులో రోజూ కూర్చునే తీరునే కూర్చోండి. ఇంజను ఆపి ఉంచి, క్లచ్ నొక్కి, అన్ని గేర్లూ వరసగా పది సార్లు వేయండి. ముద్ద మీద మీ చెయ్యి తన గుర్తులు తానే పెడుతుంది. బొటనవేలు ఎక్కడ నొక్కుతుందో, అరచేతి మెత్తన ఎక్కడ ఆనుతుందో తెలుస్తుంది. నా ముద్ద చివరికి బొంగరాన్ని తలకిందులు చేసినట్టు కాకుండా, నిలువుగా పెట్టిన కోడిగుడ్డు పైభాగంలా తేలింది. వెడల్పు 42 మిల్లీమీటర్లు, ఎత్తు 50. నేను బజారులో కొన్న గుండు కంటే సన్నం, కొంచెం పొడవు. డ్యాష్‌బోర్డుకు, హ్యాండ్‌బ్రేకుకు తగలకుండా ఎంత జాగా ఉందో కూడా ఈ ముద్ద ఉండగానే చూసుకోండి. ముద్దను నీడలో ఎండబెట్టి దాచుకుంటే తరువాత కొలతకు పనికొస్తుంది.

ఏ కొయ్య

పని అంతటిలో తొందరపడకూడని చోటు ఇదే. నా మొదటి నాబు ఇక్కడే తప్పింది.

దాన్ని నల్లతుమ్మ కొమ్మతో చేశాను. నల్లతుమ్మ మంచి కొయ్యే. బండి చక్రాలకు, నాగళ్లకు తరతరాలుగా వాడినదే. కానీ నేను తెచ్చిన కొమ్మ కొట్టి మూడు నెలలే అయింది. పైకి ఆరినట్టు కనిపించింది, లోపల తడి ఉంది. దాన్ని కొలతకు తీసి, నట్టును బిగువైన బెజ్జంలోకి సుత్తితో దిగగొట్టాను. జనవరిలో ముచ్చటగా ఉంది. ఏప్రిల్‌లో కొయ్య ఆరి ముడుచుకుంది, లోపల నట్టు ముడుచుకోదు కదా. ఒకరోజు సాయంత్రం బండి ఎక్కేసరికి పై నుంచి కిందికి నిలువునా బీట ఇచ్చి ఉంది. పచ్చి కొయ్య ఒక తప్పు, బిగువు బెజ్జం రెండో తప్పు.

కొయ్య ఆరిందో లేదో కంటితో చెప్పలేము. ముక్కను కొలతకంటే కొంచెం పెద్దదిగా కోసి వారానికోసారి కాటాలో తూచి రాసుకోండి. బరువు తగ్గుతూ ఉన్నన్నాళ్లు అది ఆరుతూనే ఉంది. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే పనికి సిద్ధమైనట్టు. ఆరేటప్పుడు రెండు కొసలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం పూస్తే కొసలు ముందుగా ఆరిపోయి నెరియలు రావు.

ఇంత ఓపిక లేనివారు పాత కొయ్య వెతకండి. మన ఇళ్లలో దానికి కొదవ లేదు. విరిగిన మంచం కోడు, పాత టేకు కిటికీ చట్రం, ఎడ్లబండి చక్రపు ఆకు, కవ్వం, రోకలి. నేను రోకలి దగ్గర ఆగాను. నూజివీడు దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరిలో, అటక మీద రెండు రోకళ్లు ఉన్నాయి. ఒకటి బాగున్నది, అది అలాగే ఉంచమన్నారు. రెండోది కొసన వేసే లోహపు ఉంగరం, అంటే పొన్ను, ఊడి, కొస చీలింది. మా వీధిలో మంచం కోళ్లు తరిమెన (లేత్) పట్టే మేస్త్రి దాన్ని గీకి చూసి సండ్ర చేవ, అంటే సండ్ర చెట్టు లోపలి గట్టి కొయ్య, అన్నాడు. ముక్క కోసి నీళ్ల బకెట్టులో వేస్తే మునిగింది. సండ్ర చేవ నుంచే తాంబూలంలోకి వేసుకునే కాచు తీస్తారు. ఎర్రగోధుమ రంగు, ఉలి అంచును తినేసేంత గట్టిదనం దానివి.

రోకలిలో ఏ భాగం తీసుకోవాలన్నది ముఖ్యం. దంచిన కొస వద్దు. దశాబ్దాలపాటు ఉప్పు, కారం, పసుపు, నూనె గింజలు దానిలోకి ఇంకాయి, జిగురు పట్టదు. దెబ్బలకు లోపలి నారలూ నలిగి ఉంటాయి. చేతులు పట్టిన నడుమ భాగం తీసుకోండి. అక్కడ కొయ్య అరిగి సన్నబడి ఉంటుంది కాని లోపల నిండుగా ఉంటుంది. మా రోకలి నడుము యాభై మిల్లీమీటర్లు ఉంది, నాకు కావలసినదానికి సరిగ్గా సరిపోయింది. అమ్మమ్మ, ఆమె తోడికోడళ్లు పట్టుకున్న చోటే ఇప్పుడు నేను పట్టుకుంటున్నాను. దీనికోసమైనా ఆ ముక్కే కావాలనిపించింది.

కోసిన కొస మీద వయసు వలయాలు చూడండి. వలయాల కేంద్రం, అంటే చెట్టు నడిమి మెత్తని దవ్వ, మీ ముక్కలో ఉంటే ఆ ముక్క ఎప్పటికైనా దాని చుట్టూ చీలుతుంది. పెద్ద దుంగను చెక్కి చేసిన రోకలిలో వలయాలు వంపు గీతల్లా అడ్డంగా వెళతాయి. అది మంచి గుర్తు. కిటికీ చట్రం వాడితే ముందు అయస్కాంతం ఆనించి చూడండి, విరిగిన మేకులు లోపల దాగి ఉంటాయి.

కొండపల్లి బొమ్మల తెల్లపొణికి మాకు దగ్గరలోనే దొరుకుతుంది. ఎంత చక్కగా చెక్కుడు పడుతుందో అంత మెత్తన, గోరు గుచ్చితే దిగుతుంది. బొమ్మకు అది గుణం, గేరు నాబుకు కాదు. ఇక ఎర్రచందనం. ఈ పని చేస్తున్నానని తెలిసి దాని ముక్క తెచ్చిస్తామన్నవారు ఇద్దరు ఉన్నారు. శేషాచలం, వెలిగొండ, నల్లమల కొండలు దాటి సహజంగా మరెక్కడా పెద్దగా పెరగని చెట్టు అది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. దాన్ని కొట్టి అమ్మేవారి వెనుక ఎంత హింస ఉందో ఈ రాష్ట్రంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. కాగితాలు లేని ముక్క అరచేతిలో పట్టేంతదైనా ముట్టుకోకండి.

బెజ్జం ముందు, ఆకారం తరువాత

అందమైన గుండు ముందు తీసి ఆ తరువాత బెజ్జం వేయాలనిపిస్తుంది. అలా చేస్తే బెజ్జం ఎప్పుడూ కొంచెం పక్కకు పోతుంది, నాబు రాడ్డు మీద వంకరగా కూర్చుంటుంది. ముక్కకు ఇంకా ఆకారం తీయకముందే బెజ్జం వేసి, నట్టు అతికించి, ఆ నట్టునే ఆధారం చేసుకుని ఆకారం తీయాలి.

కావలసిన పొడవుకు పదిహేను మిల్లీమీటర్లు కలిపి ముక్క కోయండి. రెండు కొసలూ మూలమట్టానికి సరిగా ఉండాలి. కొయ్యలోకి నేరుగా మర కోసే పద్ధతి కూడా ఉంది. 6.8 మిల్లీమీటర్ల బెజ్జం వేసి ఎం8 ట్యాప్ తిప్పితే మర పడుతుంది. ఒకటి రెండుసార్లు బిగించి వదిలేసే వస్తువుకు చాలు. నిలువు నారలో కోసిన మర రోజూ ఊగే రాడ్డు మీద నిలవదు, అరిగి వదులవుతుంది. ఇనుప మర కావాలి. దానికి నేను వాడినది కప్లింగ్ నట్టు. రెండు మర కడ్డీలను కలిపే పొడవాటి నట్టు ఇది. ఎం8 అయితే 24 మిల్లీమీటర్ల పొడవు, 13 నంబరు స్పానరు పడుతుంది.

ఆరు మూలల నట్టు మూలకు మూలకు దాదాపు పదిహేను మిల్లీమీటర్లు వస్తుంది. బెజ్జం పదహారు వేయండి. ఆ వదులు కావాలనే ఉంచాలి. లోహం కొయ్యను నేరుగా తోయకుండా మధ్యలో జిగురు నిండాలి. లోతు ముప్పై. బెజ్జానికి పైన కనీసం పదిహేను మిల్లీమీటర్ల కొయ్య మిగలాలి. బరమాను (డ్రిల్లును) నిలువు స్టాండులో పెట్టి వేస్తే మంచిది. గట్టి చేవ కాబట్టి ముందు ఆరు, తరువాత పది, చివర పదహారు వేసుకుంటూ, మధ్యమధ్య బిట్టు తీసి పొట్టు దులుపుతూ నిదానంగా దిగండి. పొగ వాసన వచ్చిందంటే బిట్టు మొద్దుబారింది.

జిగురు రెండు గొట్టాల ఎపాక్సీ. అయిదు నిమిషాల్లో గట్టిపడేది కాకుండా, ఒక రోజంతా తీసుకునే నిదానమైన రకం కొనండి. మామూలు ఎపాక్సీ ఎండలో మూసిన బండి వేడికి కొంత మెత్తబడే స్వభావం ఉన్నది కాబట్టి, అతుకు బలం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. నట్టు మూలల మీద ఆకురాయితో అడ్డంగా రెండు చోట్ల గాడి పెట్టండి. బెజ్జం లోపలి గోడ మీద వంచిన మేకు కొసతో గీతలు గీయండి. జిగురు ఆ గాళ్లలోకి దిగి గట్టిపడితే నట్టు తిరగదు, పైకి రాదు. నట్టును పెట్రోలుతో తుడిచి జిడ్డు తీసేయండి. పెట్రోలు తుడుపు పని ఆరుబయటే.

నట్టు లోపలి కొసను కొవ్వొత్తి మైనంతో మూసేయండి, లేకపోతే జిగురు మరలోకి ఎక్కుతుంది. రెండో వైపు నుంచి వేజలీన్ పూసిన ఎం8 మర కడ్డీ ముక్కను ఎక్కించండి. జిగురులో కొంచెం రంపపు పొట్టు కలిపి బెజ్జంలో వేసి, నట్టును మెల్లగా తిప్పుతూ దింపండి. అది కొయ్య అంచుకు రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. పైకి వచ్చిన కడ్డీ నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో నాలుగు వైపులా చూడండి. నాబు వంకర పోయేది ఇక్కడే, ఈ ఒక్క నిమిషం శ్రద్ధ పెట్టండి. కదలకుండా ఒక రాత్రి, ఒక పగలు వదిలేయండి.

తరిమెన మీద

లేత్ అందుబాటులో ఉంటే అరగంట పని. కడ్డీని లేత్ చక్‌లో పట్టించి, కొయ్య కింద మరో నట్టు గట్టిగా బిగించండి. గుండ్రటి ఉలితో ముందు స్థూలంగా తీసి, పిండి అచ్చును పక్కన పెట్టుకుని కొలుచుకుంటూ దిగాలి. మీ ఊళ్లో మంచం కోళ్లు, ఉయ్యాల గొలుసుల గుండ్లు, బొంగరాలు చేసే మేస్త్రి ఉంటే ఆయన దగ్గరకు పిండి అచ్చు తీసుకెళ్లండి. నోటితో వంద మాటలు చెప్పినా రాని ఆకారం ఆ ముద్ద చూపిస్తే వచ్చేస్తుంది.

లేత్ లేనివారు ముక్కను రంపంతో ఎనిమిది పలకలుగా కోసి, ఆకురాయితో మూలలు కొట్టేసి, దాదాపు గుండ్రంగా వచ్చాక కడ్డీని బరమా చక్‌లో పట్టించండి. బరమాను బల్లకు క్లాంపుతో కదలకుండా బిగించి, తక్కువ వేగంతో తిప్పుతూ ఆకురాయి, తరువాత గరుకు కాగితం ఆనించాలి. ఉలి మాత్రం బరమా మీద తిరిగే కొయ్యకు ఆనించకూడదు. బరమాను పక్కనుంచి పడే ఒత్తిడికి చేయలేదు, ఉలి పట్టుకుపోతే చేతికి వస్తుంది. మామూలు దిశలోనే తిప్పండి. ఆ దిశలో కొయ్య కడ్డీ మీద ఇంకా బిగుస్తుంది, వెనక్కి తిప్పితే ఊడుతుంది.

తిరిగే వస్తువు దగ్గర గాజులు, ఉంగరాలు తీసేయండి. చీర కొంగు, చున్నీ నడుముకు గట్టిగా దోపుకోండి, జడ ముడి వేసుకోండి. నా విద్యార్థినులకు మొదటి రోజు చెప్పే మాట ఇదే, ప్రతి సంవత్సరం చెబుతాను. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. గట్టి చేవ పొట్టు మెత్తని కారంలా గాలిలో తేలుతుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నాబు అడుగున పది మిల్లీమీటర్ల మేర మెడ సన్నగా తీయండి. దాని మీదకు ఇత్తడి పొన్ను ఎక్కించాలి. రోకలికి పొన్ను ఎందుకు వేస్తారో ఇక్కడా అందుకే. నారలు కొసన విచ్చుకోకుండా చుట్టూ పట్టుకుని ఉండటానికి. రోకలి పొన్నును కమ్మరి ఎర్రగా కాల్చి కొయ్య మీదకు దింపి నీళ్లు పోస్తాడు, చల్లారుతూ అది ముడుచుకుని కొరుక్కుపోతుంది. ఇంత చిన్న ఇత్తడి ఉంగరం వేడికి వ్యాకోచించేది వెంట్రుకవాసి మాత్రమే, పైగా లోపల జిగురు ఉంది, కాబట్టి వేడి చేయకండి. నేను 25 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఇత్తడి గొట్టం నుంచి ఉంగరం కోసి, మెడను 22కు తీసి, ఎపాక్సీతో అతికించాను. వేళ్లు ఆనే చోటికి కిందే దాన్ని ఉంచండి, ఎండలో ఇత్తడి చురుక్కుమంటుంది.

గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 240 వరకు మెట్టు మెట్టుగా వెళ్లండి. 240 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. అణిగి ఉన్న నారలు లేచి నిలబడతాయి. ఇప్పుడు తిప్పడం ఆపి, 320తో చేత్తోనే నార వెంట రుద్దండి. ఈ మెట్టు మానేస్తే మొదటిసారి చెమట పట్టగానే నాబు గరుకెక్కుతుంది.

గేర్ల గుర్తు

బండి మీరొక్కరే నడిపినా గుర్తు పెట్టండి. మెకానిక్కు నడుపుతాడు, ఆపదలో పక్కింటివారు నడపవలసి రావచ్చు, వారికి రివర్సు ఎటు ఉందో తెలియాలి. ముందు నాబును బండిలో బిగించి, కింద పలుచని నట్టుతో లాకు చేసి, ముందువైపు ఏదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. లేదంటే చెక్కిన గేర్ల పటం పక్కకు తిరిగి ఉంటుంది. లేత రంగు కొయ్య మీద సోల్డరింగ్ ఐరన్ కొసతో కాల్చి గీయవచ్చు. సండ్ర ముదురు రంగు కాబట్టి కాలిన గీత కనబడదు. నేను చాకు మొనతో మిల్లీమీటరు లోతు గీతలు తీసి, ఎపాక్సీలో తెల్లని ముగ్గుపిండి కలిపి వాటిలో నింపాను. గట్టిపడ్డాక 320తో సమం చేస్తే ఎర్రచేవ మీద సన్నని ముగ్గులా నిలిచింది.

లక్క వద్దు, నూనె

నా రెండో నాబు సంగతి. కొయ్య బాగా ఆరినది, నట్టు వదులు బెజ్జంలో కూర్చుంది, అంతా సరే. పైన లక్క పూయించాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక హస్తకళాకారులు అంకుడు కర్రను తరిమెన పడుతూ, తిరుగుతున్న కర్రకే లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పని నాకు ప్రాణం. కానీ రాపిడి వేడికి కరిగేది ఎండ వేడికి మెత్తబడకుండా ఎలా ఉంటుందని అప్పుడు ఆలోచించలేదు. లక్క 65, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. మే నెలలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన బండిలో ఎండ నేరుగా పడే వస్తువు ఆ వేడికి చేరుతుంది. నా బొటనవేలి ముద్ర దాని మీద అలాగే నిలిచిపోయింది. ఇంట్లో అల్మారాలో పెట్టే బొమ్మకు లక్క అంత గొప్పది లేదు. బండిలో మాత్రం వద్దు.

మూడోదానికి అవిసె నూనె పట్టించాను. రంగుల దుకాణంలో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. ఇది గాలి తగిలి గట్టిపడే నూనె. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె, ఆముదం ఇలా గట్టిపడవు, కొయ్యలో జిడ్డుగానే ఉండిపోయి ముక్కిపోతాయి. మెరిసే వార్నిషు కూడా వేయవచ్చు. నాకు నచ్చలేదు. చెమట పట్టిన చేతిలో అది జారుతుంది, కొయ్యను ముట్టుకున్నట్టు ఉండదు.

పాత నూలు గుడ్డతో పలుచగా పూసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. తుడవడంలో బద్ధకిస్తే పైపొర బంకగా మిగిలిపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ. నేను నాలుగు పూతలు వేశాను. సండ్ర చేవ చాలా తక్కువ తాగుతుంది, టేకుకు ఇంకో పూత పట్టవచ్చు. చివరి పూత తరువాత పది రోజులు నీడలో గాలి తగిలేలా ఉంచండి.

నూనె గుడ్డల విషయంలో తప్పనిసరిగా జాగ్రత్త పడండి. అవిసె నూనె ఆరుతూ వేడిని పుట్టిస్తుంది. గుడ్డను ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి బయటకు పోలేక తనంతట తానే అంటుకుంటుంది. నిప్పు తగలనక్కరలేదు. గుడ్డలను ఆరుబయట నేల మీద విడివిడిగా పరచి పూర్తిగా బిరుసెక్కాక పారేయండి, లేదా నీళ్ల బకెట్టులో ముంచి ఉంచండి.

బిగింపు

రాడ్డు మీది మరను గుడ్డతో తుడిచి, పలుచని ఎం8 నట్టును ముందు కిందిదాకా ఎక్కించండి. తరువాత నాబు. కనీసం పన్నెండు మిల్లీమీటర్ల మర నట్టులోకి దిగాలి. గేర్ల పటం మీవైపు తిరిగేలా నాబును నిలిపి, కింది నట్టును స్పానరుతో పైకి బిగించండి. నాబును చేత్తో పట్టుకోవాలి కాని దాన్ని పట్టకారుతో తిప్పకూడదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లూ, రివర్సుతో సహా వేసి చూడండి. పిడికిలి డ్యాష్‌బోర్డుకు, మోకాలికి తగలకూడదు. మొదటి రోజు రద్దీ లేని వీధిలో నడపండి.

మొదటి వారంలో రెండుసార్లు, ఆ తరువాత నెలకోసారి కింది నట్టు వదులైందేమో చూస్తున్నాను. ఏడాదికోసారి, శివరాత్రి వెళ్లి ఎండలు ముదరకముందే నాబు ఊడదీసి, తడిగుడ్డతో చెమట మురికి తుడిచి, 400 కాగితంతో మెల్లగా ఒకసారి రుద్ది, నూనె ఒక్క పూత వేస్తాను. ఆ పది రోజులూ పాత ప్లాస్టిక్కు నాబు మళ్లీ రాడ్డు మీదకు వస్తుంది, అందుకే దాన్ని పారేయలేదు. రోకలిలో ఇంకా రెండడుగుల ముక్క మిగిలింది. మా తమ్ముడి బండికి పది మిల్లీమీటర్ల మర అట, వాడి పిండి ముద్ద నిన్ననే ఆరింది.